రాజీ తర్వాత వకీలు లెక్క

ముంబైలో ధోబీ తలావ్ దగ్గరి స్మాల్ కాజెస్ కోర్టులో అద్దె దావా రాజీకి వస్తే, ఇరుపక్షాలూ సంతకం పెట్టిన ‘కన్సెంట్ టర్మ్స్’ కాగితాలు జడ్జి ముందుకు వెళతాయి. ఇంటి యజమానికీ కిరాయిదారుకూ ఉన్న తగాదా ఆ పూటతో తీరిపోతుంది. కిరాయిదారుకూ అతని వకీలుకూ తగాదా చాలాసార్లు ఆ మర్నాడే మొదలవుతుంది. రాజీ సొమ్ములో ఫీజు ఎంత, ఖర్చులు ఎంత, ఆ ఖర్చులకు రసీదులేవి, మిగిలింది ఎప్పుడిస్తారు? ఈ ప్రశ్నలన్నింటికీ కలిపి జవాబు చెప్పే చట్టం గానీ, ప్రత్యేక కోర్టు గానీ మన దేశంలో లేదు. 1926 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ (ఫీజు) చట్టం, 1961 నాటి అడ్వకేట్స్ చట్టం, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు, కొన్ని సుప్రీం కోర్టు తీర్పులు కలిపి చదువుకుంటే తప్ప కక్షిదారు హక్కేమిటో తెలియదు.

ఈ సంగతి ఫోరస్ రోడ్డు, కామాఠీపురా తెలుగువాళ్లకు ఎందుకు ముఖ్యమో అక్కడి గోడలే చెబుతాయి. ఇప్పుడు ఆర్.ఎస్. నిమ్కర్ మార్గ్ అని బోర్డు ఉన్న ఈ రోడ్డుకు పాత పేరు ఇచ్చినవి ఫోరస్ భూములు. వాటి మీద హక్కుల పేచీ తేల్చడానికి ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం 1851లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. పక్కనే కామాఠీపురా. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యపు తెలుగు పల్లెలు వదిలి, బొంబాయి కట్టడాల పనికి వచ్చిన కామాఠీల పేటే అది. వాళ్లలో కూలీలే కాదు, పెద్ద కాంట్రాక్టర్లూ ఎదిగారు. జోతిరావు ఫూలే సత్యశోధక్ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచిన వ్యంకు బాలాజీ కాలేవార్, జయా కరాడీ లింగు అలాంటి వాళ్లే. కొలతల పుస్తకం చూడనిదే బిల్లు పాస్ చేయని పనిలో తరాలుగా ఆరితేరిన మనుషులు వకీలు ఎదుట కూర్చున్నప్పుడు మాత్రం లెక్క అడగడానికి నోరు పెగల్చుకోలేరు. మొహమాటం ఒక కారణం. రాజీ కాగితాలు ఇంగ్లిషులోనో మరాఠీలోనో ఉండటం రెండోది.

చాల్ అనే పాత కిరాయి భవనంలో ఖోలీ అంటే పది అడుగుల గది ఒకటే కావచ్చు. దాని చుట్టూ దావాలు మాత్రం మూడు తరాలు నడుస్తాయి. 1947 నాటి బాంబే అద్దె నియంత్రణ చట్టం, దాని స్థానంలో 2000 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చిన 1999 నాటి మహారాష్ట్ర చట్టం కిరాయిదారుకు గట్టి రక్షణ ఇచ్చాయి. పగడీ పేరుతో చేతులు మారే సొమ్మును కొత్త చట్టంలోని 56వ సెక్షన్ సక్రమం చేసింది. అందువల్ల ఖోలీకి విలువ పెరిగింది, విలువతోపాటు పేచీలూ పెరిగాయి. తండ్రి పేర అద్దె రసీదు, ముంబైలో ఒక కొడుకు, కరీంనగర్‌లో ఇంకొకడు, షోలాపూర్‌లో కూతురు. యజమాని ఖాళీ చేయించే దావా వేస్తే పదేళ్ల తర్వాత రాజీ కుదిరేసరికి చెక్కు ఎవరి పేర రాయాలన్నదే తెగదు. అలాంటప్పుడు నలుగురికీ తెలిసిన మనిషి వకీలు కాబట్టి డబ్బు ఆయన చేతికి వస్తుంది. అసలు చిక్కంతా అక్కడే పుడుతుంది.

మొదట ఫీజు సంగతి. ‘గెలిస్తే ఇంత వాటా’ అనే ఒప్పందం చాల్‌లలో మామూలు మాటగా వినిపిస్తుంది. ఇక్కడి చట్టంలో అది చెల్లదు. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్నీ, వచ్చే సొమ్ములో వాటా పంచుకోవడాన్నీ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 20వ నియమం నిషేధించింది. ఈ నిషేధానికి పేరుమోసిన పాత ఉదాహరణ బొంబాయిదే. 1952 డిసెంబర్‌లో ఒక సీనియర్ వకీలు, వసూలయ్యే దానిలో సగం తనకు ఇచ్చేలా కక్షిదారుతో రాయించుకున్నాడు. బాంబే హైకోర్టు ఆయన ప్రాక్టీసును ఆరు నెలలు ఆపింది. 1954లో సుప్రీం కోర్టు కూడా అది వృత్తి దుష్ప్రవర్తనే అని తేల్చింది. తీర్పు ప్రతుల్లో ఆయన పేరు ‘మిస్టర్ జి’ అనే ఉంటుంది, అప్పట్లో ఆ మర్యాద పాటించేవాళ్లు.

తెలుగు గడ్డ మీద పుట్టిన కేసు ఇంకా సూటిగా ఉంటుంది. 1998లో రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఒక మహిళ ట్రిబ్యునల్‌లో నష్టపరిహారం సాధించింది. ఆమె చెప్పిన ప్రకారం, వకీలుకు అప్పటికే 10 లక్షలు ముట్టాయి. అయినా 2014 అక్టోబర్ 25న, ఖాతాలో డబ్బు లేదని తెలిసీ, మరో 3 లక్షలకు చెక్కు మీద సంతకం పెట్టించుకున్నాడు. నవంబర్ 2న ఆమె ఇక ఇవ్వలేనని ఈ-మెయిల్ పంపింది. చెక్కు బౌన్స్ అయింది. వకీలు చెక్కు బౌన్స్ నేరానికి సంబంధించిన 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు పెట్టాడు. హైదరాబాద్ హైకోర్టు కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. 2017 డిసెంబర్ 5న సుప్రీం కోర్టు కొట్టేసింది. బి. సునీత వర్సెస్ తెలంగాణ రాష్ట్రం అనే ఈ తీర్పును జస్టిస్ ఆదర్శ్ కుమార్ గోయెల్, జస్టిస్ ఉదయ్ ఉమేశ్ లలిత్‌ల బెంచి ఇచ్చింది. తీర్పు సారం రెండు మాటలు. వచ్చిన సొమ్ములో శాతం లెక్కన ఫీజు అడగడం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం చట్టవిరుద్ధం. కక్షిదారు చెక్కు మీద సంతకం చేసినంత మాత్రాన అది చట్టబద్ధమైన బాకీ అయిపోదు. వకీలు తన నమ్మకపు స్థానాన్ని వాడుకుని లాభపడకూడదన్న సూత్రాన్ని కోర్టు గట్టిగా గుర్తుచేసింది, వృత్తి మీద సరైన నియంత్రణ తెమ్మని ప్రభుత్వానికీ సూచించింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. వకీలు వాటా తీసుకోకూడదు గానీ వకీలు కాని వాడు కేసుకు పెట్టుబడి పెట్టి, గెలిచాక తిరిగి తీసుకోవచ్చు. 2018లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వర్సెస్ ఎ.కె. బాలాజీ తీర్పులో సుప్రీం కోర్టు ఈ సంగతి ప్రస్తావించింది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు మహారాష్ట్ర చేసుకున్న సవరణలో కూడా అలాంటి పెట్టుబడిదారుల ప్రస్తావన ఉంది. కాబట్టి కిరాయిదారుల తరఫున వకీలుకు డబ్బు ఎవరు కడుతున్నారో ముందే తెలుసుకోవాలి. పాత భవనాన్ని కొనదలచిన బిల్డరే కడుతుంటే ఆ ‘ఉచిత’ వకీలు ఎవరి మాట వింటాడన్న అనుమానం తప్పు కాదు.

ఖర్చుల దగ్గరే అసలు గొడవ. దావా వేసినప్పటి కోర్టు ఫీజు, సమన్లకు బత్తా, నకళ్ల రుసుము, టైపింగ్, గుమాస్తా ఖర్చు, టాక్సీ. వీటిలో కోర్టుకు కట్టిన ప్రతి దానికీ రసీదో స్టాంపో ఉంటుంది. ‘ఇతర ఖర్చులు’ అనే గుండుగుత్త అంకెకు ఏమీ ఉండదు. బార్ కౌన్సిల్ నియమాల్లో 25 నుంచి 30 దాకా ఉన్నవి సరిగ్గా దీనికోసమే రాసినవి. కక్షిదారు సొమ్ముకు తేదీలవారీ లెక్క ఉండాలి. వచ్చిన ప్రతి మొత్తం ఫీజు కిందనా, ఖర్చు కిందనా అన్నది అప్పుడే రాయాలి. కేసు నడుస్తుండగా ఖర్చుల డబ్బును ఫీజులోకి మళ్లించాలంటే కక్షిదారు రాతపూర్వక అంగీకారం కావాలి. ఎదుటి పక్షం నుంచి కక్షిదారు పేర డబ్బు వస్తే వీలైనంత త్వరగా కబురు చేయాలి. లెక్క ప్రతి అడిగితే, నకలు ఖర్చు తీసుకుని ఇచ్చి తీరాలి.

28, 29 నియమాలను పక్కపక్కన పెట్టి చదవాలి. ఫీజు ముందే ఖరారై ఉంటే, కేసు ముగిశాక తన దగ్గర మిగిలిన కక్షిదారు సొమ్ములోంచి వకీలు దాన్ని తీసుకోవచ్చు. ఖరారు కాకపోతే కోర్టు నిబంధనల ప్రకారం వచ్చే ఫీజును మాత్రమే మినహాయించుకుని, మిగతాది వాపసు ఇవ్వాలి. కోర్టు పట్టికల్లోని ఫీజులు బజారు ధరల ముందు చాలా చిన్నవి. ‘మనలో మనకు రాతకోతలెందుకు, చివర్లో చూసుకుందాం’ అన్న మాట వల్ల నష్టపోయేది కక్షిదారు అని అందరూ అనుకుంటారు. నియమం ప్రకారం చూస్తే నష్టం వకీలుదే. 1926 చట్టం కూడా అదే దారిలో ఉంది. ఒప్పందం ఉంటే దాని ప్రకారం, లేకపోతే కోర్టు ఖర్చులు లెక్కగట్టే పద్ధతి ప్రకారం వకీలు ఫీజుకు దావా వేసుకోవచ్చు.

లెక్కలో తరచుగా కనపడకుండా పోయే పద్దు ఒకటుంది, వాపసు వచ్చే కోర్టు ఫీజు. లోక్ అదాలత్‌లో రాజీ అయితే 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 21వ సెక్షన్ కింద కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. ఇరుపక్షాలూ కోర్టు బయట తమంతట తాము రాజీపడినా వాపసు ఇవ్వాలన్న మద్రాస్ హైకోర్టు వైఖరిని 2021 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు సమర్థించింది. ఆ డబ్బు కట్టిన కక్షిదారుదే. బిల్లు చివర జీఎస్టీ గీత కనిపిస్తే అదీ నిలదీయవచ్చు. వ్యాపారం కాని మామూలు వ్యక్తికి వకీలు చేసే సేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది.

డబ్బు తేలేదాకా ఫైలు ఇవ్వనంటే? దీనికి జవాబు భోపాల్ నుంచి వచ్చింది. అక్కడి రాష్ట్ర సహకార బ్యాంకు 1993లో తన న్యాయ సలహాదారును తప్పించింది. ఆయన 97,100 రూపాయల బిల్లు పంపి, అది తీర్చేదాకా కేసు కట్టలు కదలనివ్వలేదు. ఫిర్యాదు రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఏడాది దాటినా తేలక బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళ్లింది, అక్కడ 18 నెలల సస్పెన్షన్ పడింది. 2000 ఆగస్టులో ఆర్.డి. సక్సేనా వర్సెస్ బలరాం ప్రసాద్ శర్మ తీర్పులో సుప్రీం కోర్టు శిక్షను మందలింపుగా తగ్గించింది గానీ సూత్రం మాత్రం తేల్చి చెప్పింది. బాకీ కోసం కేసు కాగితాలను ఆపిపెట్టుకునే హక్కు వకీలుకు లేదు. బాకీ ఉంటే దావా వేసుకోవాలి, కట్ట మాత్రం తిరిగి ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో సొలిసిటర్లకు ఉన్న హక్కును ఇక్కడికి తెచ్చుకుంటే చదువురాని కక్షిదారులు నలిగిపోతారని కోర్టు భావించింది.

డబ్బే ఇవ్వకపోతే అది లెక్కల తగాదా పరిధి దాటుతుంది. హరీశ్ చంద్ర తివారీ వర్సెస్ బైజు కేసులో భూసేకరణ పరిహారం 8,118 రూపాయలను వకీలు 1987 సెప్టెంబర్‌లో కోర్టు నుంచి తీసుకున్నాడు, పల్లెటూరి ముసలి కక్షిదారుకు ఇవ్వలేదు. ఫీజు, ఖర్చులు మినహాయించుకుని మిగతాది ఇచ్చేశానన్నాడు. రాజీ కుదిరిందంటూ కక్షిదారు పేర ఒక అఫిడవిట్ కూడా దాఖలైంది. అది దొంగదని తేలింది. బార్ కౌన్సిల్ మూడేళ్ల సస్పెన్షన్‌తో సరిపెట్టింది. 2002లో సుప్రీం కోర్టు అది చాలదని ఆయన పేరునే జాబితా నుంచి తీసేయించింది. మొత్తం చిన్నదే, శిక్ష మాత్రం వృత్తిలో అన్నిటికన్నా పెద్దది.

ఇక ఫిర్యాదు ఎక్కడ చేయాలి? 2024 మే దాకా వినియోగదారుల కమిషన్ అనే దారి ఉండేది. ఆ దారి మూసుకున్నది కూడా రాజీ తర్వాతి ఫీజు తగాదా మీదే కావడం విడ్డూరం. ఢిల్లీలో 20,000 రూపాయల చెక్కు బౌన్స్ కేసు. ఎదుటివాడు రాజీకి వచ్చి 20,000కు డ్రాఫ్టు, ఖర్చుల కింద 5,000కు చెక్కు వకీలు చేతికి ఇచ్చాడు. వాటిని ఇవ్వాలంటే 5,000 నగదు కావాలని వకీలు అడిగాడని కక్షిదారు ఆరోపణ. అది తన ఫీజు అంటూ వకీలు చిన్న కోర్టులో దావా కూడా వేశాడు. చివరికి డ్రాఫ్టూ చెక్కూ ఇచ్చాడు గానీ, ఆ 5,000 చెక్కును ఇచ్చినవాడి చేత ఆపించాడన్నది మరో ఆరోపణ. కక్షిదారు వినియోగదారుల ఫోరానికి వెళ్లాడు. ఫోరం ఒప్పుకుంది, రాష్ట్ర కమిషన్ కాదంది, 2007 ఆగస్టులో జాతీయ కమిషన్ మళ్లీ ఔనంది. 2024 మే 14న జస్టిస్ బేలా త్రివేది, జస్టిస్ పంకజ్ మిత్తల్‌ల బెంచి, వకీలు సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని తేల్చేసింది. ఐదు వేల రూపాయల పేచీ దేశంలోని వకీళ్లందరినీ ఆ చట్టం నుంచి బయటకు తీసుకొచ్చింది. డాక్టరు మీద వెళ్లగలిగిన చోటికి వకీలు మీద వెళ్లలేకపోవడం మామూలు మనిషికి మింగుడుపడదు.

మిగిలినవి రెండు దారులు. మొదటిది ఫోర్ట్‌లోని బార్ కౌన్సిల్ ఆఫ్ మహారాష్ట్ర అండ్ గోవాకు అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద ఫిర్యాదు. ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీ వింటుంది. ఏడాదిలో తేలకపోతే అది ఢిల్లీలోని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళుతుంది. ఉత్తర్వు నచ్చకపోతే 60 రోజుల్లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, ఆ తర్వాత మరో 60 రోజుల్లో సుప్రీం కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. మందలింపు, సస్పెన్షన్, పేరు తొలగింపు దాని శిక్షలు. మీ డబ్బు మీకు ఇప్పించడం ఆ సెక్షన్‌లో రాసిన శిక్షల్లో లేదు. అందుకు రెండో దారి, సివిల్ దావా. పది వేల లోపు అయితే స్మాల్ కాజెస్ కోర్టు, అంతకు మించితే సిటీ సివిల్ కోర్టు. గడువు సాధారణంగా మూడేళ్లు. సొమ్ము కాజేశాడని గట్టి ఆధారం ఉంటే నమ్మకద్రోహం కింద, అంటే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద, పోలీసు ఫిర్యాదు ఉండనే ఉంది.

వకీలు బిల్లును పరిశీలించే మనిషే లేడా అంటే, బాంబే హైకోర్టులో దావాలు నేరుగా వినే ఒరిజినల్ సైడ్‌లో టాక్సింగ్ మాస్టర్ అనే అధికారి ఉన్నాడు. బిల్లులోని ఒక్కో పద్దునూ చూసి ఉంచాలో కొట్టేయాలో తేల్చడం ఆయన పని, సొలిసిటర్లు, బారిస్టర్లు వేరువేరుగా ఉన్న కాలపు వారసత్వం అది. ఆ ద్వంద్వ పద్ధతి 1977 జనవరి నుంచి పోయింది. ఖోలీల దావాలు నడిచే కింది కోర్టుల కక్షిదారులకు అలాంటి అధికారి ఎన్నడూ అందుబాటులో లేడు. అవసరం ఎక్కువ ఉన్నది మాత్రం వాళ్లకే.

కామాఠీపురాలో మరో రకం కక్షిదారులున్నారు. వ్యభిచార గృహాల మీద పోలీసు దాడుల్లో పట్టుబడి రక్షణ గృహాలకు వెళ్లిన మహిళల కోసం వకీలు వస్తాడు, ఫీజు మాత్రం ఇల్లు నడిపే యజమానురాలు కడుతుంది. అలాంటప్పుడు ఆ వకీలు ఎవరి మనిషి? ఈ ప్రశ్న 2002లో బాంబే హైకోర్టు ముందుకు వచ్చింది. కామాఠీపురాలో 1986 నుంచి పనిచేస్తున్న ప్రేరణ సంస్థ, ఆ ఏడాది మేలో శాంటాక్రూజ్‌లో జరిగిన దాడి మీద పిటిషన్ వేసింది. తార్పుడుగాడి తరఫున, ఇల్లు నడిపేవాళ్ల తరఫున వాదించే వకీలు అదే కేసులో బాధితుల తరఫున హాజరు కాకూడదని అక్టోబర్‌లో కోర్టు ఆదేశించింది. ఈ మహిళలకు వకీలు ఖర్చే అక్కర్లేదు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఏ మహిళకైనా, ఎస్సీ ఎస్టీలకు, మనుషుల అక్రమ రవాణా బాధితులకు, కార్మికులకు ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ప్యానెల్ వకీలు కక్షిదారు నుంచి పైసా అడగకూడదు.

ఇదే తగాదా అమెరికాలో తెలుగువాళ్లకు ఎదురైతే నడక పూర్తిగా వేరు. అక్కడ ప్రమాద కేసుల్లో వాటా ఫీజు సక్రమమే. కాకపోతే ఒప్పందం రాతలో ఉండాలి. ఖర్చులు తీసేశాక శాతమా, తీయకముందే శాతమా అన్నది అందులోనే రాయాలి. తేడా చిన్నది కాదు. 90,000 డాలర్ల రాజీ, 9,000 ఖర్చు, మూడో వంతు ఫీజు అనుకుందాం. ముందే శాతం లెక్కిస్తే కక్షిదారు చేతికి 51,000 వస్తుంది, ఖర్చులు తీశాక లెక్కిస్తే 54,000. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీలో నియమం రెండో పద్ధతినే విధించింది. కక్షిదారు కోరితే వకీలు ఫీజు మధ్యవర్తిత్వానికి రాక తప్పదు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ బిల్లును కోర్టు ఐదో వంతు తగ్గిస్తే ఆ విచారణ ఖర్చు కూడా మామూలుగా సొలిసిటరే భరించాలి. మన దగ్గర వాటాను నిషేధించారు, బిల్లును పరిశీలించే చవకైన చోటు మాత్రం పెట్టలేదు. నిషేధం మంచిదే, ఆ రెండోది లేకపోవడం పెద్ద లోపం.

వకీళ్ల వైపు కూడా మాట ఉంది. పదేళ్లు వాయిదాలకు తిరిగి రాజీ కుదిర్చాక, ఖోలీ అమ్ముకుని చెప్పకుండా ఊరికి వెళ్లిపోయే కక్షిదారులూ ఉంటారు. అలాంటి వకీలుకు 1926 చట్టం దావా హక్కు ఇచ్చింది. రాతపూర్వక ఒప్పందం ఉంటే 28వ నియమం ప్రకారం చేతిలోని సొమ్ములోంచే ఫీజు తీసుకోవచ్చు. అంటే కాగితం ఇద్దరికీ అవసరమే.

సుమారు 34 ఎకరాల కామాఠీపురాను రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా ద్వారా పునర్నిర్మించే పని ఇప్పుడు ముందుకు కదులుతోంది. పాత దావాలు చాలావాటికి రాజీయే దారి కాబోతోంది. అలాంటి కాగితం మీద సంతకం పెట్టబోయే తెలుగు కుటుంబాలు ముందుగా చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫీజు అంకె రాయించుకోండి. ఖర్చుల పద్దు వేరుగా పెట్టించండి. చెక్కు మీ ఖాతాకే రావాలని కన్సెంట్ టర్మ్స్‌లోనే చేర్చమనండి. రాజీ అయిపోయి లెక్క అందకపోతే, 30వ నియమం పేరు చెప్పి స్పీడ్ పోస్టులో లెక్క ప్రతి అడగండి. ఆ ఉత్తరం నకలు, పోస్టాఫీసు రసీదు దాచుకోండి. రేపు బార్ కౌన్సిల్‌కు వెళ్లినా, సివిల్ కోర్టుకు వెళ్లినా మొదట అడిగేది వాటినే.